బోయా అంకెను తుపాను నెలల్లోనే సరిచూడండి: గంజాం తీరం నుంచి బహిరంగ లేఖ

తీరంలో నీటిమట్టం కొలిచే బోయాల (సముద్రంలో లంగరు వేసి తేల్చే పరికరాల) పరీక్షలకు బాధ్యులైన అధికారులకు, ఇంజనీర్లకు, ఆ అంకెలు చూసి ఊళ్లు ఖాళీ చేయించే యంత్రాంగానికి,

నమస్కారం.

ఒడిశాలోని గంజాం జిల్లాలో, బాహుదా నది మొగ నుంచి రుషికుల్యా నది మొగ దాకా, సర్వే పనిలోనూ బోటు పనిలోనూ వల పనిలోనూ ఉన్న తెలుగువాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని విషయాలన్నీ ఇంతకుముందే కాగితం మీద పెట్టి సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. అందినట్టు ముద్ర వేశారు కానీ జవాబు రాలేదు. మళ్లీ తుపాను నెలలు రాకముందే ఇది అందరి ముందూ ఉండాలని ఇలా రాస్తున్నాం.

మేం బోయాలు వద్దనడం లేదు. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం వచ్చినప్పుడు ఇవాతె తీరానికి మొదట 3 మీటర్ల సునామీ అని హెచ్చరిక ఇచ్చారు. కమైషి ఎదుట దాదాపు 20 కిలోమీటర్ల లోపల సముద్రంలో తేలుతున్న జీపీఎస్ బోయా 6.7 మీటర్ల పొంగును పట్టింది. అలాంటి బోయాల అంకెలు చూశాకే హెచ్చరిక పెంచారు. ఒడ్డున పాతిన పరికరానికి నీరు కనిపించేసరికి అది ఊరి గుమ్మంలో ఉంటుంది. అందుకే సముద్రంలో కొలత కావాలని మేమూ కోరుతున్నాం. అయితే ప్రశాంతంగా ఉన్న నెలల్లో కొన్ని వారాలు తేల్చి, ఒడ్డు పరికరంతో బాగానే సరిపోయిందని ముద్ర వేసి, ఆ అంకెనే అక్టోబరులో మా ప్రాణాలకు కొలబద్ద చేయవద్దు.

కెరటాలు కొలిచే బోయా వేరు, నీటిమట్టం కొలిచే బోయా వేరు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రోజు గోపాల్‌పూర్ ఎదుట 50 మీటర్ల లోతులో ఉన్న కెరటాల బోయా 13.5 మీటర్ల కెరటాన్ని నమోదు చేసింది. అది చూసి 'బోయా ఫైలిన్‌నే తట్టుకుంది, ఇంకేం పరీక్ష' అనేవారున్నారు. ఆ బోయా లోపల ఉండేది త్వరణాన్ని కొలిచే పరికరం. పది పదిహేను సెకన్లకోసారి లేచి పడే కెరటం దానికి తెలుస్తుంది. గంటల తరబడి మెల్లగా లేచే పోటుగానీ ఉప్పెనగానీ దానికి తెలియదు. మెల్లగా జరిగే కదలికను దాని లెక్కే వడకట్టి పారేస్తుంది. నీటిమట్టానికి ఉపగ్రహ సంకేతాలతో ఎత్తు కట్టే మరో రకం బోయా కావాలి. దాని తప్పులు కూడా వేరే రకం.

ఆ బోయా తలపై యాంటెనా ఉంటుంది. యాంటెనా ఎత్తులోంచి, యాంటెనాకూ నీటి గీతకూ మధ్య ఉన్న దూరం తీసేస్తే నీటిమట్టం వస్తుంది. ఆ దూరం మారదన్న నమ్మకం మీదే లెక్కంతా నడుస్తుంది. సముద్రంలో మాత్రం అది మారుతూనే ఉంటుంది.

నీటిలో మునిగిన భాగానికి సముద్రపు గుల్లలు పడతాయి. నీటి గీత దగ్గర బోయా అడ్డుకోత ఒక చదరపు మీటరు అనుకుంటే, నీటిలో తూగే ప్రతి 10 కిలోల అదనపు బరువుకూ అది దాదాపు ఒక సెంటీమీటరు మునుగుతుంది. ప్రవాహం పెరిగితే లంగరు తాడు బిగిసి కిందికి లాగుతుంది. 50 కిలోల లాగుడుకు 5 సెంటీమీటర్లు. గాలికి బోయా వాలుతుంది. యాంటెనా 2 మీటర్ల ఎత్తున ఉండి 15 డిగ్రీలు వాలితే దాదాపు 7 సెంటీమీటర్లు దిగుతుంది. వరదకు రుషికుల్యా నీరు సముద్రంలోకి వచ్చి పైపొర పలచబడితే బోయా ఇంకాస్త మునుగుతుంది. ఇది సెంటీమీటరో అంతకన్నా తక్కువో ఉంటుంది.

ఈ తప్పులన్నీ ఒకే వైపు మొగ్గుతాయి. యాంటెనా కిందికి దిగిన ప్రతిసారీ బోయా నీటిని ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. ప్రవాహం, గాలి, వరద నీరు మూడూ కలిసి వచ్చేది తుపాను రోజునే. ప్రశాంతంగా ఉన్న ఏప్రిల్‌లో ఈ మూడింటి జాడ ఉండదు కాబట్టి పరీక్ష చక్కగా గట్టెక్కుతుంది. సముద్రపు ఉపరితలం నుంచి తిరిగొచ్చే సంకేతాల వల్ల పుట్టే తప్పులు అటూ ఇటూ పోతాయి, సగటులో చాలావరకు చెల్లిపోతాయి. ఒకే వైపు మొగ్గే తప్పును ఎంత సగటు తీసినా పోగొట్టలేం.

పైన చెప్పినవాటిలో గుల్లలు 30 కిలోలే అనుకున్నా మొత్తం 15 సెంటీమీటర్లు అవుతుంది. కార్యాలయంలో అది చిన్న అంకె. ఇసుక దిబ్బ దాటాక నేల 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే చోట, 15 సెంటీమీటర్ల నీరు 75 మీటర్లు లోపలికి వస్తుంది. సముద్రం ఏటా కోసుకుపోతున్న రామయ్యపట్నంలో గానీ, కోతకు జనం ఇళ్లు వదిలి తరలిపోవలసి వచ్చిన పొడంపేటలో గానీ 75 మీటర్లంటే కొన్ని వరసల ఇళ్లు.

తప్పు రెండో వైపు జరిగినా భరించేది మేమే. లేని ఉప్పెనను చూపిస్తే ఫైబర్ బోట్ల ఇంజన్లు విప్పాలి, బోట్లు దిబ్బపైకి ఈడ్వాలి, వలలు మోయాలి, ముసలివాళ్లనూ మేకలనూ తీసుకుని ఆశ్రయ భవనానికి పోవాలి. ఆ రోజుల వేట పోతుంది. అప్పు తెచ్చి కొట్టించిన డీజిల్, ఐసు వృథా అవుతాయి. రెండుసార్లు నీరు రాకపోతే మూడోసారి పెద్దవాళ్లు కదలరు. ఫైలిన్‌కు లక్షల మందిని ముందే తరలించారు కాబట్టే ప్రాణనష్టం అంత తక్కువ. హెచ్చరిక మీద ఆ నమ్మకం ఒకసారి పోతే మళ్లీ రావడానికి ఒక తరం పడుతుంది.

కాబట్టి మేం కోరేవి ఇవి.

1. పరీక్ష కాలం జులై నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఉండాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. బోయా దింపడానికి అది మంచి సమయం, నీళ్లలో వలలు తక్కువ. అయితే ఆ రోజుల ఫలితాన్ని పరీక్ష కింద లెక్కపెట్టవద్దు. పైగా మన బంగాళాఖాతంలో సముద్రమట్టమే ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి ప్రాంతంలో అడుగుకు దిగి, అక్టోబరు, నవంబరుల్లో పైకి లేస్తుంది. తుపాన్లు వచ్చేదీ అప్పుడే. ఫైలిన్ (2013), తిత్లీ (2018) రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తుపాను రాని ఏడాది పరీక్ష ముగిస్తే 'తుపానులో సరిచూడలేదు' అని నివేదిక మొదటి పేజీలోనే రాయాలి.

2. ఒడ్డున సాక్షి ఉండాలి. బోయాను బోయాతో పోల్చి లాభం లేదు. రేవు గట్టు మీద నీటిని తాకకుండా కొలిచే రాడార్ పరికరం ఒకటి, పక్కనే కంటితో చదివే అంకెల కొయ్య ఒకటి పెట్టండి. గొట్టంలో తేలుడు బిరడా ఉండే పాత పరికరాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు. మన ఇసుకకు గొట్టం అడుగు రంధ్రం పూడిపోతుంది. అప్పుడు లోపలి నీరు బయటి నీటి కంటే ఆలస్యంగా లేచి ఆలస్యంగా దిగుతుంది. అడుగున పెట్టే పీడన పరికరమైతే వాయుపీడనాన్ని విడిగా కొలిచి సరిచేయాలి. ఒక హెక్టాపాస్కల్‌కు (వాయుపీడనం కొలిచే ప్రమాణం) దాదాపు ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. ఫైలిన్ కేంద్రంలో పీడనం 940కి పడింది. మామూలు 1010తో పోలిస్తే ఆ ఒక్క కారణానికే 70 సెంటీమీటర్ల పొంగు. సరిచేయని పీడన పరికరానికి సరిగ్గా ఆ పొంగే కనిపించదు.

ముందు బోయాను రేవు లోపలి ప్రశాంత నీటిలో, ఒడ్డు పరికరం పక్కనే, కనీసం రెండు మూడు ఆటుపోట్లు పూర్తయ్యేదాకా తేల్చండి. తర్వాత ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో నెల రోజులు. ఆ తర్వాతే అసలు చోటుకు. మొదటే పది కిలోమీటర్ల దూరంలో పెడితే, కనిపించిన తేడా బోయాదో సముద్రానిదో ఎవరూ చెప్పలేరు.

3. ఏ సున్నా నుంచి కొలుస్తున్నారో రాయండి. ఉపగ్రహాలు చెప్పే ఎత్తు ఒక గణిత ఉపరితలం నుంచి. మన తీరంలో అసలు సముద్రమట్టం దానికి పదుల మీటర్ల దిగువన ఉంటుంది. నావికుల పటాల సున్నా వేరు, భూమి సర్వేలో వాడే సగటు సముద్రమట్టపు సున్నా వేరు. ఈ రెండింటి మధ్య తేడా మీటరుకు అటూఇటూ ఉంటుంది. ఒకరు పటం సున్నా నుంచి చెప్పిన 2 మీటర్లను ఇంకొకరు సగటు మట్టం నుంచి అనుకుంటే ఒక ఊరు మునుగుతుంది, లేదా ఊరికే ఖాళీ అవుతుంది. రేవు దగ్గర కనీసం మూడు సర్వే రాళ్లు పాతి, పరీక్షకు ముందూ తర్వాతా లెవెల్ చేసి (సర్వే పరికరంతో వాటి ఎత్తు కొలిచి), అవి కదలలేదని చూపించండి. ప్రతి అంకె పక్కనా సున్నా ఏదో ఉండాలి.

4. సెకనుకో కొలత బోయాలోనే భద్రపరచాలి. పది నిమిషాల సగటు మాత్రమే పంపి మిగతాది చెరిపేస్తే, తప్పు ఎక్కడ పుట్టిందో తర్వాత వెతకలేం. ఉపగ్రహ సంకేతాల ముడి దత్తాంశం రోజుకు కొన్ని పదుల ఎంబీకి మించదు, చిన్న కార్డులో నెలలు పడుతుంది. కెరటానికి పది సెకన్లు అనుకుంటే ఆరు నిమిషాల సగటులో ఉండేవి 36 కెరటాలే. తుపాను కెరటాలకు ఆ సగటు ఎంత ఊగుతుందో లెక్కగట్టి చెప్పండి.

గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ పోటుకూ ఆటుకూ తేడా సుమారు రెండు మీటర్లు. మధ్యలో నీరు నిమిషానికి దాదాపు సెంటీమీటరు లేస్తుంది. బోయా గడియారం, ఒడ్డు గడియారం పది నిమిషాలు తేడాగా ఉంటే దాదాపు 8 సెంటీమీటర్ల తప్పు ఎత్తులోనిదిగా కనిపిస్తుంది. రెండూ ఒకే సమయంలో నడవాలి. మన సమయమా, గ్రీనిచ్ సమయమా అన్నది ప్రతి ఫైలు మీదా ఉండాలి. బోయా కొలతకూ ఒడ్డు కొలతకూ ఉన్న తేడాను అడ్డంగా, నీటి ఎత్తును నిలువుగా గీసి చూస్తే మంచి బోయాకు నిలువు గీత వస్తుంది. గడియారం తప్పితే గీత ఉచ్చులా విచ్చుకుంటుంది. వాన్ డి కాస్టీల్ పరీక్ష అంటారు దీన్ని. ప్రతి నెలా ఆ గీత గీసి బయటపెట్టండి.

5. యాంటెనా నుంచి నీటి గీతకు దూరం నెలకోసారి కొలవాలి. బోయాను విప్పకుండా, గుల్లలు గీకకముందు ఒకసారి, గీకాక ఒకసారి. రెండింటి తేడాయే ఆ నెల గుల్లల తప్పు. లోపల వాలు కొలిచే పరికరం, లంగరు తాడు మొదట్లో లాగుడు కొలిచే పరికరం తప్పనిసరి. ఈ రెండూ లేని బోయా తుపానులో ఎంత తక్కువ చూపిందో ఎవరూ సరిచేయలేరు.

6. ఉపగ్రహ సంకేతాలతో కట్టిన ఎత్తులోని తప్పును దిద్దే సవరణ ఎక్కడి నుంచి వస్తుందో తేల్చండి. విమానాల కోసం ఉన్న గగన్ సవరణ మంచిదే, కానీ ఎత్తులో సెంటీమీటర్లు ఇవ్వదు. ఒడ్డున స్థావరం పెట్టి సవరణ పంపే పద్ధతికి స్థావరం పది ఇరవై కిలోమీటర్లలోపే ఉండాలి. ఆ స్థావరానికి కరెంటు కావాలి. ఫైలిన్ నాడు ఈ జిల్లాలో కరెంటు, ఫోను రెండూ పోయాయి. స్థావరం అవసరం లేని పద్ధతి అయితే, కెరటం యాంటెనా మీద విరిగి సంకేతం తెగిన ప్రతిసారీ మళ్లీ కుదురుకోవడానికి అరగంట దాకా పట్టవచ్చు. ఏ పద్ధతి ఎంచుకున్నా దాన్ని తెంచి చూడండి. పరీక్షలో స్థావరం కరెంటు కావాలనే ఆపి, యాంటెనా మీద నీళ్లు పోసి, బోయా ఎంతసేపటికి తేరుకుందో రాయండి.

7. వారం పైగా ఎండ లేకపోయినా బోయా పనిచేయాలి. బోయా ఖర్చు 5 వాట్లయితే రోజుకు 120 వాట్ అవర్లు, పది రోజులకు 1200. అది 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీని పూర్తిగా పిండేస్తుంది, కాబట్టి కనీసం 150 ఆంపియర్ అవర్లది పెట్టండి. కబురు మొబైల్ టవర్ మీదే కాకుండా ఉపగ్రహం ద్వారా కూడా వెళ్లాలి. టవర్ పడిపోయాకే ఆ కబురు అవసరం ఎక్కువ.

8. లంగరు విషయంలో మా మాట వినండి. పది బారల లోతులో, అంటే సుమారు 18 మీటర్లలో, 60 మీటర్ల తాడు కడితే బోయా లంగరు చుట్టూ దాదాపు 57 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. 80 మీటర్లు దాటితే లంగరు జారిందని అలారం మోగాలి. జారిన బోయా పంపే అంకె వెంటనే పక్కన పెట్టాలి. తెగేది సాధారణంగా తాడు మధ్యలో కాదు. నేలను రాసుకునే చోట గొలుసు అరుగుతుంది, షాకిల్ (గొలుసులను కలిపే కొక్కెం) పిన్ను కదిలి ఊడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలునూ మామూలు ఇనుమునూ కలిపిన చోట తుప్పు తినేస్తుంది, స్వివెల్ (పురి పడకుండా తిరిగే కీలు) ఇసుకకు బిగుసుకుపోయి తాడు పురి పడుతుంది. రెండు నెలలకోసారి పైకెత్తి చూడండి. ఆ పనికి స్థానిక బోట్లనే కూలికి పెట్టుకోండి. ఏ గాలికి ఎక్కడ ఇసుక కదులుతుందో వాటిని నడిపేవాళ్లకు తెలుసు.

9. చోటు మమ్మల్ని అడిగి ఎంచండి. అలివి వల (ఒడ్డుకు లాగే పెద్ద వల) లాగే పాళ్లలో, అంటే ఆ వేట చోట్లలో, ప్రవాహంతో తేలిపోయేలా రాత్రి వలలు వేసే దారిలో బోయా పెడితే వల చిక్కుతుంది. చిక్కిన వలను వదులుకుంటే ఒక కుటుంబం పెట్టుబడి పోతుంది. దాన్ని విడిపించబోతే మీ తాడు తెగుతుంది. తర్వాత 'జాలర్లు ధ్వంసం చేశారు' అని రాస్తారు. బోయాకు పసుపు రంగు, పైన ఎక్స్ గుర్తు, 20 సెకన్లకు ఐదుసార్లు వెలిగే పసుపు దీపం అంతర్జాతీయ పద్ధతి. దాన్ని పాటించండి. చోటు అంకెలను ప్రతి రేవు గ్రామంలోనూ ఒడియాలోనూ తెలుగులోనూ అంటించండి. చిక్కిన వలకు పరిహారం ఎవరిస్తారో ముందే చెప్పండి. రుషికుల్యా మొగ ఎదుట నవంబర్ 1 నుంచి మే 31 వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం ఉంది. మమ్మల్ని దూరంగా ఉంచిన నీళ్లలో వదులుగా తేలే తాళ్లు మీరు వేయకూడదు. అక్కడ లంగరు తాడు ఎప్పుడూ బిగువుగానే ఉండాలి.

10. బోయాకు కనిపించని నీటిని విడిగా కొలవండి. కెరటాలు ఒడ్డు దగ్గర విరిగినప్పుడు నీరు ఒడ్డుకు నెట్టుకొచ్చి ఎత్తుగా పేరుకుంటుంది. విరిగే కెరటం ఎత్తులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు అది ఉండవచ్చు. నాలుగు మీటర్ల కెరటానికి 40 నుంచి 80 సెంటీమీటర్లు. పది బారల లోతులో ఉన్న బోయాకు ఇది ఒక్క సెంటీమీటరు కూడా కనిపించదు, ఎంత మంచి బోయా అయినా సరే. ఊళ్లోకి వచ్చేది మాత్రం ఈ నీరే. అందుకని బాహుదా మొగలో, రుషికుల్యా మొగలో, రామయ్యపట్నం, ఆర్జిపల్లి ఊళ్ల ముందు గట్టి స్తంభాలకు పీడన పరికరాలు బిగించండి. అవి కబురు పంపకపోయినా ఫరవాలేదు, తుపాను తర్వాత విప్పి చదవవచ్చు. తుపాను తగ్గిన మర్నాడే గోడల మీది నీటి గీతలు లెవెల్ చేయించండి. రెండు రోజులు ఆగితే ఎండకూ వానకూ ఆ గీతలు పోతాయి. బోయా చూపిన అంకెకూ ఊళ్లో లేచిన నీటికీ మధ్య తేడా తెలిశాకే హెచ్చరికకు గీత ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

11. ఎంతకు పాసో ముందే చెప్పండి. ఫలితం వచ్చాక హద్దులు గీయవద్దు. మా ప్రతిపాదన ఇది: ఒడ్డు పరికరంతో నెల సగటు తేడా 3 సెంటీమీటర్ల లోపు, ఆరు నిమిషాల కొలతల చెదురు 5 లోపు, కెరటాలు 3 మీటర్లు దాటిన గంటల్లో తేడా 10 లోపు, అందిన కొలతలు నూటికి 95కు తగ్గకుండా. చివరి రెండూ తుపాను గంటలకు విడిగా చూపించాలి. ఏడాది మొత్తం మీద 95 శాతం అని చెప్పి, పోయిన 5 శాతంలోనే తుపాను రెండు రోజులూ ఉంటే ఆ బోయా పరీక్షలో పోయినట్టే.

12. బోయా పాసైనా సరే, రాడార్ పరికరాన్నీ అంకెల కొయ్యనూ తీసేయవద్దు. ఖర్చు తగ్గుతుందని వాటిని ఎత్తేస్తే మళ్లీ సరిచూసే దారే ఉండదు.

13. నెలవారీ ఫలితాలు, పోయిన రోజులు, తెగిన తాళ్లు, మార్చిన భాగాలు అన్నీ ప్రజలకు అందుబాటులో పెట్టండి. సోనాపురం నుంచి గంజాం దాకా రేవు గ్రామాల్లో తెలుగు చదివే ఇళ్లు చాలా ఉన్నాయి. ఒడియా లిపి రాని పెద్దవాళ్లున్నారు. ఒడియాతో పాటు తెలుగులో కూడా ఒక పేజీ అంటిస్తే చాలు.

ఈ తుపాను కాలానికి బోయా దింపేలోగా 1, 2, 11 అంశాల మీద రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. మిగతావాటి మీద బరంపురంలోగానీ ఏ రేవు గ్రామంలోగానీ ఇంజనీర్లు, వలవాళ్లు, సర్వేవాళ్లు కలిసి కూర్చునే సమావేశం ఒకటి పెట్టండి. వలల పాళ్లు, లోతులు గుర్తించిన మా పటాలు తీసుకొస్తాం. నెలవారీ గుల్లలు గీకడానికీ, నీటి గీత కొలవడానికీ, తుపాను తర్వాత గోడల గీతలు లెవెల్ చేయడానికీ మనుషులను మేమే ఇస్తాం.

ఇట్లు,
గంజాం తీరంలో సర్వే, బోటు, వల పనుల్లో ఉన్న తెలుగువాళ్లం